చింతగింజ నుండి పలక వరకు
(శిశువుల గణితక్రీడలు – మన జిల్లాల భాషలు)

దేవరకొండ ప్రాంతపు తండాలో ఐదేండ్ల బాలిక యొకతె తన యింటి ముంగిట చింతగింజలతో నాడుకొనుచున్నదని యూహింతము. తమ్మునికి నాలుగు గింజలిచ్చి తాను ఐదు ఉంచుకొన్నది. వాడు అలిగి యేడ్చుటతో తన వానిలో నొకటి తీసి వాని చేతిలో బెట్టి, “ఇప్పుడు నీకే ఎక్కువ” యని తమ యింటి భాషలో ఓదార్చినది. ఈ గణితమునకు పలక లేదు, బలపము లేదు, పొరపాటును లేదు.

మరుసటి యేడు ఆ బాలిక బడిలో చేరును. నల్లబల్లపై ఐదులో నుండి ఒకటి తీసివేయుమను లెక్క అంకెలలో వ్రాసి యుండును. ఉపాధ్యాయుడు తెలుగున ప్రశ్నించును. ఆమె యింట మాటలాడునది లంబాడీ. ఆమె మౌనముగా నిలుచును. “ఈ పిల్లకు లెక్కలు రావు” అను తీర్పు ఆనాడే వెలువడును. ఆమెకు రానిది లెక్కయా? లెక్కను చెప్పు మాటయా? ఆ మాటను సూచించు గుర్తా? ఈ మూడింటిని వేరుపరచి చూడకుండుట మన ప్రాథమిక విద్యలోని పెద్ద లోపములలో నొకటి. ముంగిటి యాటకును బడి పలకకును నడుమ నొక వంతెన కావలెను. ఆ వంతెన పిల్లల యింటి భాషలో మొదలు కావలెను. ఆట యొక్కటే చాలదు. పలక యొక్కటే అసలు చాలదు. ఈ విషయమునే ఇందు విచారింతము.

లెక్కించుట యన నేమి?

“ఒకటి, రెండు, మూడు” అని వల్లించుట వేరు, లెక్కించుట వేరు. మూడేండ్ల శిశువు పది వరకు తడుముకొనక వల్లించి, ఎదుట నున్న ఐదు గింజలను మాత్రము ఏడని చెప్పుట మనకు తెలిసినదే. రోషెల్ గెల్మన్, గాలిస్టెల్ అను అమెరికా మనస్తత్త్వవేత్తలు 1978లో ప్రకటించిన గ్రంథమున లెక్కించుటలో ఐదు సూత్రములు గలవని నిరూపింప యత్నించిరి. ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క మాట మాత్రమే చెప్పవలెను, ఇది మొదటిది. మాటల వరుస ఎల్లప్పుడు ఒక్కటే కావలెను, ఇది రెండవది. చివర చెప్పిన మాటయే మొత్తమును తెలుపును, ఇది మూడవది. గింజలైనను, మేకలైనను, చప్పట్లైనను దేనినైనను లెక్కింపవచ్చును, ఇది నాల్గవది. ఏ గింజతో మొదలిడినను మొత్తము మారదు, ఇది ఐదవది.

అంతకు పూర్వమే స్విట్జర్లండు పండితుడు జా పియాజే మరియొక విషయమును వెల్లడించెను. సమానమైన రెండు వరుసల గింజలలో ఒక వరుసను దూరదూరముగా పేర్చినచో, చిన్న పిల్లలు పొడవైన వరుసలోనే గింజలెక్కువని పలుకుదురు. వరుస పొడవు వేరు, గింజల సంఖ్య వేరు అను గ్రహింపు వారికి క్రమముగా గలుగును. పై ఐదు సూత్రములలో గాని, పియాజే పరీక్షలో గాని ఏ యొక్క భాషకును ప్రత్యేకాధికారము లేదని పాఠకులు గమనింపవలెను. తెలుగున లెక్కించినను, ఉర్దూలో లెక్కించినను, లంబాడీలో లెక్కించినను గింజలు ఐదే. భావము అందరి సొత్తు; మాట మాత్రము ఇంటి సొత్తు.

మన జిల్లాల భాషలు, వాని సంఖ్యలు

పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు 2016లో పునర్విభజింపబడినవి. నల్లగొండ నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలును, మహబూబ్‌నగరము నుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలును ఏర్పడినవి. పిదప 2019లో నారాయణపేట జిల్లా వెలసినది. ఈ మెట్టప్రాంత మంతట తెలుగు ప్రధాన భాష. పట్టణములందును పెద్ద గ్రామములందును ఉర్దూ ఇండ్లు గలవు. దేవరకొండ, అచ్చంపేట ప్రాంతముల తండాలలో లంబాడీ వినవచ్చును. నల్లమలలో చెంచుల పలుకుబడి, నారాయణపేట సరిహద్దున కన్నడము గలవు. ఒకే అంగన్‌వాడీ చాపపై రెండు మూడు భాషల శిశువులు కూర్చుండుట ఇచ్చట వింత గాదు.

సంఖ్యల పేర్లను పరిశీలించినచో భాషల స్వభావము తెలియును. తెలుగున ఇరువది దాటిన పిదప మార్గము సుగమము: ఇరువది ఒకటి, ఇరువది రెండు, ముప్పది మూడు. పదుల మాట మొదట, ఒకట్ల మాట పిదప వచ్చును. స్థానవిలువ చెవికే వినబడును. ఉర్దూలో ఇక్కీస్, బాయీస్, తేయీస్ అని ఒక్కొక్క సంఖ్యకు దాదాపు ఒక్కొక్క ప్రత్యేక పదము గలదు. నూరు వరకు వానిని వేర్వేరుగా కంఠస్థము చేయవలసి యుండును. ఇంకొక విశేషము: పంతొమ్మిదిని తెలుగువారు పదియు తొమ్మిదియు అని చెప్పగా, ఉర్దూవారు ‘ఉన్నీస్’ అందురు. ఇరువదికి ఒకటి తక్కువ యని దాని మూలార్థము. ఇరువది తొమ్మిదికి ‘ఉంతీస్’ అనుటలోను ముప్పదికి ఒకటి తక్కువ యను భావమే గలదు. కనుక ఉర్దూ శిశువు ఇరువదికి పై సంఖ్యలలో తడబడినచో అది మాంద్యము గాదు. వాని భాష వానిపై మోపిన అదనపు బరువు. అదే శిశువు ‘ఉన్నీస్’ అర్థమును గ్రహించినచో, ఒకటి తక్కువ యను తీసివేత భావము వానికి మాటలోనే లభించును. బరువును వరముగా మార్చు నేర్పు ఉపాధ్యాయునిది.

తెలుగునను ఒక చిక్కు గలదు. వస్తువులను రెండు, మూడు, నాలుగు అని లెక్కింతుము; మనుష్యులను ఇద్దరు, ముగ్గురు, నలుగురు అని లెక్కింతుము. ఉర్దూలో ఈ భేదము లేదు. పిల్లలైనను పుస్తకములైనను ‘తీన్’ అనియే చెప్పుదురు. ఇంగ్లీషు నుండి గాని హిందీ నుండి గాని క్రీడాపత్రములను మక్కికి మక్కి తెలుగు చేసినచో “మూడు బాలురు” వంటి వింత వాక్యములు పుట్టును. తెలుగు శిశువు వానిని విని నవ్వును. ఉర్దూ శిశువునకు ‘ముగ్గురు’ అను మాటకును ‘మూడు’ అను మాటకును గల చుట్టరికమే తోచదు. ఆటను ఒక భాష నుండి మరియొక భాషకు తెచ్చుట అనువాదము కాదు, పునర్నిర్మాణము.

అయినను మన భాషలు ఒకదాని కొకటి పరాయివి కావు. నాలుగణాలను చారాణా యనియు, ఎనిమిదణాలను ఆఠాణా యనియు, పన్నెండణాలను బారాణా యనియు తెలంగాణపు తెలుగువారు తరతరములుగా వాడినారు. దేశమున 1957లో దశాంశ నాణెములు వచ్చినను “చారాణ కోడికి బారాణ మసాలా” అను సామెత నేటికిని మన యిండ్లలో వినబడును. ఆ సామెత నెఱిగిన అవ్వకు ఉర్దూలో నాలుగును పన్నెండును తెలిసినట్లే కదా! లంబాడీలో మూడు, నాలుగు, ఐదు అను సంఖ్యల పేర్లు ఉర్దూ తీన్, చార్, పాంచ్ పదములకు సోదరులు. అంగడి ఏనాడో కట్టిన వంతెనను బడి విస్మరించుట న్యాయము కాదు.

ముంగిటి యాటలలోని గణితము

మన పల్లెల యాటలలో గణితము నిండుగా గలదు. ఓమనగుంటల పీటపై వరుసకు ఏడేసి చొప్పున పదునాలుగు గుంటలుండును. ఒక గుంటలోని గింజలను తీసి వరుసగా గుంట కొక్కటి చొప్పున వేయుచు పోవలెను. ఒక వస్తువునకు ఒక మాట యను మొదటి సూత్రమునకు ఇంతకంటె చక్కని అభ్యాసము వేరొకటి లేదు. కొంత నేర్పు గలిగిన బాలిక గింజలు ఏ గుంటతో ముగియునో చూపుతోనే అంచనా వేయును. ఇదే జాతి క్రీడను తమిళులు పల్లాంగుళి యందురు, కన్నడిగులు అళగుళి మణె యందురు. ఆఫ్రికా ఖండమున అనేక రూపములలో నాడుదురు.

అష్టాచెమ్మలో నాలుగు గవ్వలు వేయుదురు. వెల్లకిల పడిన వానిని లెక్కింతురు. నాలుగును వెల్లకిల పడినచో ‘చెమ్మ’, అనగా నాలుగు; నాలుగును బోర్లపడినచో ‘అష్ట’, అనగా ఎనిమిది. ఎనిమిదికి సంస్కృత పదమును, తెలుగు పలుకుబడిని కలిపి ఆడు పిల్లలకు అది భాషాసమస్యగా ఎన్నడును తోచలేదు. పచ్చీసు ఆట పేరే ఇరువది యైదు అను హిందీ, ఉర్దూ పదము. కచ్చకాయల ఆటలో ఒకటి, రెండు, మూడు చొప్పున కాయల నేరుట సంఖ్యను విడదీయుట. తొక్కుడుబిళ్ళలో గళ్ళు వరుస. గుప్పెడు, దోసెడు, సోల, తవ్వ, మానిక అను వంటింటి మాటలు కొలతల పాఠములు.

పండుగలును గణనకు తోడ్పడును. బతుకమ్మ తొమ్మిది దినములు. తండా కన్యలు గోధుమ మొలకలు పెంచు తీజ్ పండుగయు తొమ్మిది దినములే. హిందువులును ముస్లిములును కలిసి జరుపు పీర్ల పండుగలో మొహర్రము పదవ దినము ముఖ్యము. ప్రతి దినము ఒక గింజను కుండలో వేయుచు, “ఎన్ని దినములు గడచినవి? ఎన్ని మిగిలినవి?” అని అడిగినచో తొమ్మిది, పది అను సంఖ్యలు ఆ శిశువుల అనుభవములో నిలుచును. పండుగలు వేరైనను ఆట ఒక్కటే.

ఢిల్లీ పరిశోధన చెప్పిన పాఠము

ఆటలే చాలునా యను ప్రశ్నకు మన దేశమునందే సమాధానము లభించినది. మోయిరా డిల్లన్, ఎలిజబెత్ స్పెల్కీ, 2019లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమతి నందుకొన్న ఎస్తేర్ దుఫ్లో ప్రభృతులు ఢిల్లీలో ప్రథమ్ సంస్థ బాలవాడులందు నొక పరిశోధన జరిపి 2017లో ఫలితములు ప్రకటించిరి. ఇందు 214 బాలవాడులకు చెందిన 1,540 మంది శిశువులు పాల్గొనిరి. కొందరికి నాలుగు మాసములు సంఖ్య, ఆకారములకు సంబంధించిన క్రీడలు నేర్పిరి. మరి కొందరికి గణితము లేని ఇతర క్రీడలు నేర్పిరి. తక్కినవారికి యథాప్రకారము బోధన సాగినది. గణితక్రీడ లాడిన శిశువులకు చూపుతో ఎక్కువ తక్కువలను గుర్తించు సహజశక్తి గణనీయముగా పెరిగి, చిరకాలము నిలిచినది. ఆటలు ముగిసిన వెంటనే అంకెల జ్ఞానమునందును కొంత మేలు కనబడినది. కాని ప్రాథమిక పాఠశాలలో చేరిన పిదప, అచటి గణితభాషను, భావములను నేర్చుకొనుటలో వారికి ఇతరులపై ఆధిక్యము కానరాలేదు.

ఈ ఫలితము ఆటలను నిందించునది కాదు. వంతెన లోపించినదని హెచ్చరించునది. స్పెల్కీ, దుఫ్లోలును అభిజిత్ బెనర్జీ ప్రభృతులును కలకత్తా, ఢిల్లీ నగరములందు జరిపి 2025లో ప్రకటించిన మరియొక అధ్యయనము దీనినే బలపరచుచున్నది. అంగళ్ళలో పనిచేయు బాలలు క్లిష్టమైన బేరపు లెక్కలను నోటితో చేసిరి. అదే లెక్కను బడి రూపమున నిచ్చినచో తడబడిరి. బడి లెక్కలు వచ్చిన బాలలు అంగడి లెక్కలలో తడబడిరి. రెండు వైపుల జ్ఞానము గలదు. దాటుటకు దారి లేదు.

దారి వేయు విధమునకు ఒక ఉదాహరణము అమెరికాలో దొరకును. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అను పరిశోధకులు 2008లో ప్రకటించిన ప్రయోగమున పేదకుటుంబముల శిశువులచే ఒకటి నుండి పది వరకు అంకెలు వేసిన గళ్ళ బాటపై ఆట ఆడించిరి. రెండు వారములలో నాలుగు సారులు, సారికి పావుగంట మొదలు ఇరువది నిమిషముల కాలము, అంతే. అంకెల బాటపై ఆడినవారికి సంఖ్యాజ్ఞానము పెరిగినది, తొమ్మిది వారముల తరువాతను నిలిచినది. రంగులు మాత్రమే వేసిన బాటపై ఆడినవారికి ఆ ప్రయోజనము కలుగలేదు. ఈ ఆటలో చేతి కదలిక, నోటి మాట, కంటి యెదుటి అంకె, ఈ మూడును ఒకేసారి కలిసినవి.

పది మెట్ల బాట

ఈ ఆటను మన ముంగిటికి తెచ్చు విధమును వివరింతును. నేలపై సుద్దతో పది గళ్ళు గీయవలెను. అడ్డముగా కాక, మెట్లవలె క్రింది నుండి పైకి గీయుట మేలు. తెలుగు ఎడమ నుండి కుడికి, ఉర్దూ కుడి నుండి ఎడమకు వ్రాయబడును. అడ్డపు బాట ఏదో యొక బిడ్డకు ఎదురుదారి కావచ్చును; మెట్లు అందరికిని పైకే పోవును. ఉర్దూ లిపి కుడి నుండి నడచినను సంఖ్యలలో మాత్రము పదుల అంకె ఎడమవైపుననే యుండునని ఉపాధ్యాయుడు గుర్తుంచుకొనవలెను.

చింతగింజను అరగదీసి సగముచేసినచో ఒక ప్రక్క తెలుపు, ఒక ప్రక్క గోధుమరంగు వచ్చును. అట్టివి రెండు చాలును. తెలుపు ఒకటి పడినచో ఒక మెట్టు, రెండు పడినచో రెండు మెట్లు. ఆటను ఐదు దశలలో నడపవలెను.

మొదటి దశలో మాటలు లేవు. గింజ తెలుపైనంత మేర కాయను కదపుటయే. రెండవ దశలో శిశువు తన యింటి భాషలో సంఖ్యను పలుకుచు కదపవలెను. ఉపాధ్యాయునికి ఆ భాష రానిచో తల్లిని గాని, అవ్వను గాని, అక్కను గాని పిలిచి కూర్చుండబెట్టుకొనవలెను. మూడవ దశలో పిల్లలు ఒకరి మాటలు మరియొకరు నేర్తురు; నేడు తెలుగు దినము, రేపు ఉర్దూ దినము, ఎల్లుండి లంబాడీ దినము. నాల్గవ దశలో గళ్ళలో అంకెలు వ్రాయవలెను. ఐదవ దశలో ఆటలో జరిగినదానిని పలకపై నెక్కింపవలెను: “మూడవ మెట్టున నుంటిమి, రెండు మెట్లు ఎక్కితిమి, ఐదవ మెట్టు చేరితిమి.” అప్పుడే కూడిక గుర్తును, సమానపు గుర్తును పరిచయము చేయవలెను. ఢిల్లీ పరిశోధన చూపిన లోటును పూరించునది ఈ నాల్గవ, ఐదవ దశలే.

ఒక సూక్ష్మ విషయమును మరువరాదు. మూడవ మెట్టుపై నున్న శిశువునకు రెండు పడినచో, వాడు “ఒకటి, రెండు” అని కాక, “నాలుగు, ఐదు” అని పలుకుచు ఎక్కవలెను. ఇట్లు పలికినప్పుడే నోటి మాటయు గడిలోని అంకెయు ఒకటగును. ముందున్న సంఖ్యపై కూడుట అలవడును.

జాగ్రత్తలు

మన మెట్టచేలలో ఒకప్పుడు ఆముదము విరివిగా పండెడిది. ఇండ్లలో ఆముదపు గింజలు దొరకును. అవి నునుపుగా, చారలతో ముచ్చటగా నుండును గాని విషపూరితములు. ఎఱ్ఱని గురివింద గింజలును అట్టివే. వీనిని శిశువుల క్రీడలకు ఎన్నడును వాడరాదు. సీతాఫలపు గింజలు నలిగి పొడి కంట బడినచో హాని కలుగును. చింతగింజలే మేలు, అవియు మూడేండ్ల లోపు వారికి ఈయరాదు, గొంతున అడ్డుపడును. ఆటకు ముందును, ఆట ముగిసిన పిదపను గింజలను పిల్లలచేతనే లెక్కింపజేయుట భద్రత, పాఠము రెండును.

కొన్ని కుటుంబములు, ముఖ్యముగా కొన్ని ముస్లిం కుటుంబములు, పాచికలను గవ్వలను జూదముగా భావించి సమ్మతింపవు. వారి మనస్సు నొప్పింపక, గింజలు వేయుటకు బదులు సంచి నుండి అంకెల చీటీ తీయించినచో ఆట చెడదు. ఏ యాటలోను పందెము ఉండరాదు. వైకుంఠపాళి వంటి పటమునకు బదులు ఇంటి నుండి చెరువునకు, చెరువు నుండి చేనికి పోవు బాటను గీసినచో అన్ని యిండ్ల పిల్లలును అందు నడవగలరు. వస్తువును మార్చవచ్చును, కథను మార్చవచ్చును, భాషను మార్చవచ్చును. ఆటలోని గణితమును మాత్రము మార్చరాదు. సంస్కృతికి అనుగుణముగా మలచుట యన నిదియే.

ముగింపు

దేశమున సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము 1975 అక్టోబరు 2వ తేదీన 33 ప్రాంతములలో ప్రారంభమైనది. నేడు పల్లెపల్లెనను అంగన్‌వాడీ గలదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడేండ్ల నుండి ఎనిమిదేండ్ల వరకు గల వయస్సును విద్యకు పునాదిగా గుర్తించి, క్రీడా పద్ధతిని, ఇంటి భాషను ఆదరింపుమని చెప్పినది. తెలంగాణమున 2017లో ఉర్దూ రెండవ అధికార భాషయైనది. విధానములు మనకు అనుకూలముగానే యున్నవి. వానిని చాపపై కూర్చున్న శిశువు చెంతకు చేర్చువారు కావలెను.

తెలుగును ఉర్దూను ఒకే ప్రాంగణమున వినుచు చదువుకొను మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులకు ఈ కార్యము ఇతరులకంటె సులభము. మీలో అనేకులు రేపు ఉపాధ్యాయులు కానున్నారు. కొందరు తల్లిదండ్రులు కానున్నారు. ఈ సెలవులలో మీ వాడలోని అవ్వలను, నానీలను అడిగి, వారు బాల్యమున నాడిన లెక్కల యాటలను, వానిలోని సంఖ్యల మాటలను వ్రాసికొని రండు. ఒక సుద్దముక్క, పిడికెడు చింతగింజలు తీసికొని ముంగిట పది మెట్లు గీయుడు. తండా బాలిక “పాంచ్” అని పలికినప్పుడు, “తప్పు, ఐదు అనవలెను” అని సరిదిద్దకుడు. “ఔను, పాంచ్, మేము ఐదందుము, దానిని ఇట్లు వ్రాయుదుము” అనుడు. ఆ మూడు చిన్న వాక్యములలో ఆమె లెక్కయు, ఆమె భాషయు, ఆమె పలకయు ఒక్కటగును. అప్పుడు ఆమెకు లెక్కలు రావని ఎవరును అనజాలరు.